నీటి లెక్క ఎవరి చేతిలో ఉంది? సుస్థిర అభివృద్ధి విధానం ఊళ్లోకి దిగాలంటే

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. "సుస్థిర అభివృద్ధి మీద పీజీ చేసి, కరువు జిల్లాలో ఒక మండలంలో ప్రణాళికల పనికి చేరాను. ఐక్యరాజ్యసమితి 17 లక్ష్యాలనూ పంచాయతీ ప్రణాళికల్లో రాస్తున్నాం, పోర్టల్‌లో ఎక్కిస్తున్నాం. ఊళ్లో బోర్లు మాత్రం ఎండుతూనే ఉన్నాయి. విధానానికీ ఆచరణకీ మధ్య ఎక్కడ తెగుతోంది?" అని అడిగారు. రాయలసీమ జిల్లాల్లో నీటి పనుల మీద 27 ఏళ్లు తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది భూగర్భ జలం ఒక్కటే కాబట్టి దాన్ని పట్టుకునే చెబుతాను. అడవి గురించో చెత్త గురించో అడిగినా నా జవాబు ఇంచుమించు ఇదే దారిలో పోతుందనుకుంటాను.

తెగుతున్నది లెక్క దగ్గర. నీళ్లు ఎన్ని పడ్డాయి, ఎన్ని ఇంకాయి, ఎన్ని తోడుతున్నాం అన్న లెక్క జిల్లా కేంద్రంలో ఉంటుంది. ఈ రబీలో ఏ పంట పెట్టాలి, ఇంకో బోరు వేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ఊళ్లో ఒక్కో ఇంటి అరుగు మీద జరుగుతుంది. ఈ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. నేను చూసినంతలో ఆ రెండూ ఒకే చోట కలిసిన ఊళ్లలోనే మార్పు కనిపించింది. ఎలా కలిశాయో ఒక ఊరి సంగతి వివరంగా చెబుతాను, మిగతాది దాని మీద నిలబెట్టుకుందాం.

2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో, రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. మొదట నెదర్లాండ్స్ సాయం, తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూత. రైతులే నడిపే భూగర్భ జల వ్యవస్థలు అనే అర్థం వచ్చే ఇంగ్లిషు పేరును కుదించి ఆఫీసుల్లో దాన్ని ఏపీఫామ్స్ అని పిలిచేవాళ్లం. 600కు పైగా పల్లెల్లో పనిచేసింది. అందులో రైతుకు సబ్సిడీ లేదు, పైపులు ఇవ్వలేదు, మోటార్లు ఇవ్వలేదు. ఇచ్చింది వానమాపకం, బోరులో నీటిమట్టం చూసే టేపు, లెక్క నేర్పే మనిషి. "ఏమీ ఇవ్వకపోతే ఎవరొస్తారు?" అని మొదట్లో నేను కూడా అన్నాను. వచ్చారు.

పని ఇలా ఉండేది. ఊళ్లో ఒకరు రోజూ పొద్దున 8:30కి వానమాపకం చూసి పుస్తకంలో రాయాలి. 15 రోజులకోసారి ఎంపిక చేసిన బోర్లలోకి టేపు వదలాలి. టేపు కొనకున్న మీట నీటిని తాకగానే పైన చిన్న శబ్దం వస్తుంది. ఎన్ని మీటర్ల దగ్గర వచ్చిందో రాసుకోవాలి. తోడకం కొలవడానికి 200 లీటర్ల డ్రమ్ము, చేతి గడియారం చాలు. డ్రమ్ము నిమిషంలో నిండితే గంటకు 12,000 లీటర్లు. కరెంటు ఏడు గంటలిస్తే రోజుకు 84,000. ఈ అంకెలన్నీ బడి గోడ మీదో, పంచాయతీ ఆఫీసు గోడ మీదో నల్లరంగు బోర్డు మీద రాయాలి. చదువురాని వాళ్ల కోసం నీటిమట్టాన్ని బావి బొమ్మగా గీసేవాళ్లు.

అక్టోబరులో, ఖరీఫ్ కోతలు మొదలయ్యేనాటికి, ఊరంతా కూర్చుని పంట నీటి బడ్జెట్ వేసుకునేది. నేను మొదటిసారి కూర్చున్న సభ నాకు బాగా గుర్తుంది. లెక్క సులువుగా అర్థం కావడానికి అంకెలను గుండ్రం చేసి చెబుతున్నాను.

ఆ ఊరి నీటి పరివాహకం 2,500 ఎకరాలు. ఆ ఏడు అప్పటికి కురిసిన వాన 500 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అంటే ఊరి మీద పడింది 500 కోట్ల లీటర్లు. ఈ అంకె చెప్పగానే సభలో గుసగుసలు మొదలయ్యాయి. ఇంత ఉంటే మాకు కరువేంది అని ఒకాయన గట్టిగానే అన్నాడు. తర్వాతి లెక్క దగ్గర అందరూ నిశ్శబ్దమయ్యారు. మనది నల్లరాతి నేల. పడినదాంట్లో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, పైరూ చెట్టూ తాగుతాయి, కొంత వంకలో పోతుంది. కిందికి ఇంకేది నూటికి 10 పాళ్లు. అంటే 50 కోట్ల లీటర్లు. ఊరికి ఆ ఏడాది ఉన్న సొమ్ము అదే.

ఖరీఫ్‌లో అప్పటికే 14 కోట్లు తోడేశారు. మిగిలింది 36 కోట్లు. రబీకి ఎవరెవరు ఏం పెట్టాలనుకుంటున్నారో చేతులెత్తించి రాసుకున్నాం. వరి 80 ఎకరాలు, చెనక్కాయ (వేరుశనగ) 60 ఎకరాలు. బోరు కింద వరికి నారుమడి నుంచి కోతదాకా ఎకరాకు 50 లక్షల లీటర్లు పడుతుంది. మడిలో ఇంకిన దాంట్లో కొంత మళ్లీ కిందికే పోతుంది, ఆ సవరణ వేరే ఉంటుంది, ఇక్కడ పక్కన పెడదాం. చెనక్కాయకు 22 లక్షలు. రెండూ కలిపితే 53 కోట్లు.

ఉన్నది 36, కావాల్సింది 53. అంతలో వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచింది. "ముందు తాగే నీళ్లు తీసి పక్కన పెట్టండి సార్. మిగిలినదాంట్లో గదా మీ మడి. ఎండాకాలం బిందెలు మోసేది మేము." మా కాగితంలో తాగునీరు చివరి వరసలో ఉంది. అక్కడే కొట్టేసి పైన రాశాం. 2,000 మంది జనానికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి 4 కోట్లు, పశువులకూ జీవాలకూ 2 కోట్లు. ఇక మిగిలింది 30 కోట్లే.

ఆ తర్వాత మేం నోరు విప్పలేదు. గంటన్నర వాళ్లే మాట్లాడుకున్నారు. నాకు గుర్తున్న మాట ఒకటుంది. నాలుగెకరాల ఆసామి ఒకాయన డ్రమ్ము లెక్కను వేళ్ల మీద వేసుకున్నాడు. "నా బోరు దినానికి 84,000 పోస్తాది. ఎకరా వరికి 50 లక్షలంటే 60 దినాలు నా బోరు ఒక్క ఎకరాకే పారాల. మరి నేను రెండెకరాలు ఎట్ల పెట్టేది?" అన్నాడు. ఆ మాట నేను పదేళ్లుగా మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను, ఒక్కరూ వినలేదు. తన బోరు, తన డ్రమ్ము, తన వేళ్లు కలిసేసరికి ఆయనే చెప్పాడు.

చివరికి వరి 30 ఎకరాలకు తగ్గింది, చెనక్కాయ 50, రాగి 30 ఎకరాలు. రాగికి ఎకరాకు 14 లక్షల లీటర్లు చాలు. మొత్తం 30 కోట్లకు దాదాపు సరిపోయింది. ఎవరినీ ఎవరూ ఆపలేదు. సంతకాలు పెట్టించుకోలేదు, జరిమానా రాయలేదు. మార్చిలో వెళ్లి చూస్తే వరి 30కి బదులు 42 ఎకరాలు ఉంది. అనుకున్నదానికంటే ఎక్కువే. కానీ ఆ సభ జరగకపోతే 80 ఉండేది. ఆ వేసవిలో ఊరికి ట్యాంకరు రాలేదు.

ఇది చదివి మీరు పొంగిపోతారని తర్వాతి కథ కూడా చెప్పాలి. ప్రాజెక్టు ముగిసింది. వానమాపకం చూసే కుర్రాడికి నెలనెలా ఇచ్చే చిన్న మొత్తం ఆగిపోయింది. ఏడాదిపాటు ఊరికే రాశాడు, తర్వాత పనికోసం బెంగళూరు పోయాడు. టేపు బ్యాటరీ పోతే కొత్తది కొనేవాడు లేడు. గోడకు సున్నం వేసినప్పుడు బోర్డు పోయింది. పంట మార్చుకునే అలవాటు కొన్ని ఇళ్లలో నిలిచింది, సభ మాత్రం నిలవలేదు. మా వైపు ఇలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి.

ఇందులో నేర్చుకోవాల్సింది నా దృష్టిలో డబ్బు సంగతి. మన ప్రభుత్వ పథకాల్లో సిమెంటుకు, పొక్లెయినుకు, పైపులకు పద్దు ఉంటుంది. రోజూ పొద్దున్నే వెళ్లి అంకె రాసే మనిషికి పద్దు ఉండదు. చెక్‌డ్యాముకు లక్షలు మంజూరు చేసే ఫైలు, వానమాపకం చూసేవాడికి నెలకు వెయ్యి రూపాయలు అనగానే ఆగిపోతుంది. అది ఏ హెడ్డు కింద రాయాలో ఎవరికీ తెలియదు. ఒక జిల్లా కార్యాలయంలో ఈ వెయ్యి రూపాయల కోసం నేను ఎనిమిది నెలలు తిరిగాను, చివరికి రాలేదు. 2019 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన అటల్ భూజల్ యోజన 6,000 కోట్ల రూపాయల పథకం, సగం ప్రపంచ బ్యాంకు రుణం. అందులో పంచాయతీ స్థాయి నీటి బడ్జెట్‌ను, ఊరివాళ్లే కొలిచే పద్ధతిని మధ్యలో పెట్టారు. ఫలితం చూపిస్తే రాష్ట్రానికి నిధులిచ్చే ఏర్పాటు కూడా చేశారు. ఆ పథకానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మన పల్లెల్లో పుట్టి పెరిగిన పద్ధతి మరోచోట విధానమైంది. బాధగానే ఉంటుంది, కానీ పనికొచ్చింది కదా అనుకుంటాను.

ఇక చట్టం సంగతి. మీరు రాసిన రెండో పేరాలో "వాల్టా చట్టాన్ని గట్టిగా అమలు చేస్తే చాలదా" అన్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో వచ్చిన ఆ చట్టం చెడ్డది కాదు. బోరు వేసేముందు అనుమతి తీసుకోవాలి, తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వేయాలంటే నిబంధనలున్నాయి, బోర్లు తవ్వే రిగ్గులు నమోదు కావాలి. అన్నీ సరైనవే. కానీ ఒక్క రాత్రి రిగ్గు బండి పక్కన నిలబడి చూడండి. రాత్రి పదింటికి బండి వస్తుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసినాయన ముందే గుర్తు పెట్టి ఉంటాడు. తెల్లారేసరికి 600 అడుగులు దిగుతుంది. ఆ రైతు అప్పటికే రెండు బోర్లు పోగొట్టుకుని ఉంటాడు. మూడోదానికి ఇంట్లో కమ్మలు కుదువ పెట్టి ఉంటాడు. చేను ఎండిపోతోంది. తెల్లారి తహసీల్దారు వచ్చి ఏ ముఖం పెట్టుకుని ఆపుతాడు? ఆపినా సాయంత్రానికి ఫోను వస్తుంది. పైగా 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి మన ఆలోచనలో ఒకటి పాతుకుపోయింది: నేల నాదైతే కింది నీరూ నాదే. నీరు మాత్రం గట్టు చూసుకుని పారదు.

నిషేధం పనిచేసిన చోటు లేదా అంటే ఉంది. మహారాష్ట్ర అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లాలో హివరే బజార్. పోపట్‌రావ్ పవార్ సర్పంచిగా ఆ ఊరు 1990ల నుంచి ఒక కట్టుబాటు పెట్టుకుంది. సాగుకు బోరు వేయకూడదు, చెరకు, అరటి వేయకూడదు. ఏటా వాన లెక్క చూసి ఏ పంటలు పెట్టాలో గ్రామసభలో నిర్ణయిస్తారు. అక్కడ నిషేధం పనిచేసింది, ఎందుకంటే నిషేధం విధించినవాళ్లూ దాన్ని పాటించాల్సినవాళ్లూ ఒక్కరే. వాళ్లు ముందు కొండల మీద కందకాలు తవ్వుకున్నారు, నీళ్లు పెరగడం కళ్లారా చూశారు, ఆ తర్వాతే కట్టుబాటు పెట్టుకున్నారు. వరస తిరగేస్తే నడిచేది కాదు. మనం సాధారణంగా తిరగేస్తాం: ముందు నిషేధం, తర్వాత ఎప్పుడో పని.

మా వైపు బోర్ల జట్లు అని ఒక ప్రయత్నం జరిగింది, దాన్ని కూడా మీ మండలంలో అడిగి చూడండి. ఒకచోట పొలాలున్న పది పదిహేను మంది జట్టు కడతారు. కొందరికి బోర్లున్నాయి, కొందరికి లేవు. అందరి పొలాలకూ పోయేట్టు పైపులైను వేస్తారు. బోరున్నవాళ్లు లేనివాళ్ల మెట్ట పైరుకు ఎండు సమయంలో ఒకటి రెండు తడులు ఇస్తారు. బదులుగా అందరూ పదేళ్లు కొత్త బోరు వేయమని ఒప్పుకుంటారు. బోరున్న రైతు ఎందుకు ఒప్పుకుంటాడని మీకు అనుమానం రావచ్చు. పక్కవాడు కొత్త బోరు వేస్తే తన బోరు ఎండుతుందని ఆయనకు మనకంటే బాగా తెలుసు. పక్కవాడికి ఇచ్చే రెండు తడులు ఆయనకు తన బోరు మీద కట్టుకునే బీమా లాంటివి. ఇలాంటి ఒప్పందం రాయడానికి నాలుగు సిట్టింగులు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. పథకం గడువు మార్చి 31 అంటే కుదరదు.

ఊరు తన చేతిలో ఉన్నదంతా చేసినా, ఊరి చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. ఇవి చెప్పకుండా రైతుకు నీతులు చెప్పడం నాకు మొదటి నుంచీ నచ్చదు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఫైలు మీద పెట్టారు. ఆ రోజుల్లో రైతు కరెంటు బిల్లుల బాకీతో, వరుస కరువులతో చితికిపోయి ఉన్నాడు. ఆ సంతకం ఎంతమందికి ఊపిరి పోసిందో కళ్లారా చూసినవాణ్ణి, దాన్ని తప్పు పట్టను. కానీ మోటారు ఆపడానికి కారణం కూడా ఆ రోజుతో పోయింది. ఆటోమేటిక్ స్టార్టరు పెట్టి వదిలేస్తే కరెంటు వచ్చినప్పుడల్లా బోరు పోస్తూనే ఉంటుంది, మడవ తెగి రోడ్డు మీదికి పారినా చూసేవాడుండడు. దానికి తోడు ప్రభుత్వం గిట్టుబాటు ధరకు నమ్మకంగా కొనేది వరిని. కొర్రను, రాగిని కొనే నాథుడు లేకపోతే నీళ్లు తక్కువ తాగే పంట పెట్టమని ఎవరు చెప్పినా రైతు ఎందుకు వినాలి?

ఒక విధానం ఇంకోదాన్ని ఎలా దెబ్బతీస్తుందో పంజాబ్‌లో చూడండి. 2009లో భూగర్భ జలాన్ని కాపాడాలని ఒక చట్టం తెచ్చారు, జూన్ 10కి ముందు వరినాట్లు వేయకూడదని. మండుటెండల్లో నీళ్లు ఆవిరి కాకుండా ఆపాలన్న ఉద్దేశం మంచిదే. నాట్లు వెనక్కి పోయాయి, కోతలూ వెనక్కి పోయాయి. గోధుమ విత్తడానికి గడువు కుంచించుకుపోయింది. వరి కొయ్యకాళ్లు దున్ని కలపడానికి తీరిక లేక నిప్పు పెట్టడం కొద్ది రోజుల్లోకే కుదించుకుంది, అదీ గాలి కదలని చలికాలం మొదట్లో. నీటి కోసం చేసిన చట్టం ఊపిరితిత్తుల మీదికి వచ్చింది. నీటి శాఖ, వ్యవసాయ శాఖ, కాలుష్య నియంత్రణ మండలి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే ముందే కనిపించాల్సిన సంగతి అది. మన దగ్గర బిందు సేద్యం కథ కూడా కొంత ఇలాంటిదే. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం పెద్ద ఎత్తున మొదలైంది. డ్రిప్పు వల్ల ఎకరాకు నీళ్లు మిగులుతాయి, నిజం. మిగిలిన నీళ్లతో రైతు ఇంకో ఎకరం చీనీ (బత్తాయి) తోట పెడతాడు. బోరు తోడేది అంతే. ఎకరా లెక్క తగ్గింది, ఊరి లెక్క తగ్గలేదు. డ్రిప్పు వద్దని నేను అనను. ఊరి నీటి బడ్జెట్ సభ లేకుండా డ్రిప్పు ఒక్కటే ఇస్తే నీళ్లు మిగలవు, తోటలు పెరుగుతాయి అంటాను.

నీళ్లు తక్కువ తాగే పంటను కొనేవాడు లేడన్న ముడి విప్పిన ఉదాహరణ ఒడిశాలో ఉంది. 2017లో అక్కడి ప్రభుత్వం గిరిజన జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది. విత్తనం దగ్గర ఆగలేదు. ఊళ్లో మర పెట్టారు, రాగులను మద్దతు ధరకు కొన్నారు, కొన్నవాటిని రేషన్ షాపులకు పంపారు, కొన్ని జిల్లాల్లో అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డు పెట్టారు. పండించేవాడికి కొనేవాడు దొరికాడు, తినేవాళ్లు కూడా ఆ చుట్టుపక్కలే దొరికారు. నీటి గురించి ఒక్క మాట చెప్పకుండానే నీటికి మేలు జరిగే విధానం ఇది. మా సభలో రాగికి ఒప్పుకున్న ఆ 30 ఎకరాలవాళ్లకు ఇలాంటి వ్యవస్థ ఉండి ఉంటే, మరుసటి ఏడాది వాళ్లలో సగం మంది మళ్లీ వరికి పోయేవాళ్లు కాదు. సంతలో రాగులు అడిగినవాడు లేక తిరిగి ఇంటికి మోసుకెళ్లిన బస్తాలు నేను చూశాను.

ఇప్పుడు మీ చేతిలో ఏముందో చూద్దాం. మండల స్థాయి మనిషికి కరెంటు విధానం మార్చే అధికారం లేదు, మద్దతు ధర మార్చే అధికారం లేదు. అయినా మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉంది.

పంచాయతీ ప్రణాళికలకు కేంద్రం 9 ఇతివృత్తాలు ఇచ్చింది, వాటిలో ఒకటి నీటి సమృద్ధి గ్రామం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం షరతులతో ఇచ్చారు, అందులో సగం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగం కోసమే. అంటే ఇలాంటి పనికి డబ్బుకు ఒక తలుపు ఉంటుంది, ఇప్పటి నిబంధన ఏమిటో కనుక్కోండి. మీ మండలంలో అన్ని పంచాయతీలూ ఒకేసారి పట్టుకోకండి. ఇది నా అనుభవంలో అన్నిటికంటే ముఖ్యమైన సలహా. పై అధికారి 20 ఊళ్లు అడుగుతాడు, మీరు మూడు తీసుకోండి. అవి ఒకే వంకకు చెందినవై ఉండాలి. పై ఊరు, నడిమి ఊరు, కింది ఊరు. పంచాయతీ సరిహద్దు చూసి ఎంచుకుంటే పై ఊళ్లో కట్టిన చెక్‌డ్యాము వల్ల కింది చెరువు ఎండి, రెండు ఊళ్లూ కొట్టుకుంటాయి. అది నేను చూసిందే.

మొదటి ఆరు నెలలు ఏ కట్టడమూ మొదలుపెట్టకండి. ఊరి బోర్లన్నీ లెక్కించండి: పారేవి, ఎండినవి, ఏ ఏడు వేసింది, ఎన్ని అడుగులు. ఎండిన బోర్ల జాబితా తయారయ్యాక దాన్ని సభలో చదివించండి. మా వైపు ఒక ఊళ్లో 212 బోర్లు వేస్తే పారేవి 71. ఒక్కోదానికి పెట్టిన ఖర్చు కూడుతూ పోతే, ఆ ఊరు భూమి లోపల పాతిపెట్టిన డబ్బుతో పెద్ద బడి కట్టొచ్చని తేలింది. ఆ రోజు సభలో ఆడవాళ్లు ఏడ్చారు. ఆ అప్పులు తీర్చింది వాళ్ల నగలు, వాళ్ల కూలి. అందుకే ఆడవాళ్లు లేని నీటి సభ నడపకండి. పొదుపు సంఘాల నెల సమావేశం రోజే పెట్టండి. వేరే రోజు పిలిస్తే వచ్చేది మోటారున్న మగవాళ్లు మాత్రమే.

తవ్వకం పనులు గుట్ట మీద నుంచి కిందికి రావాలి, అదీ ఏప్రిల్, మే నెలల్లో. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పథకం కింద తవ్విన కందకాలు, పంట కుంటలు మంచి చోట పడినప్పుడు వంకలు నెలరోజులు ఎక్కువ పారడం చూశాను. చెడ్డ చోట పడినవీ చూశాను. సంఖ్య పూర్తి చేయడానికి నీరు రాని గట్టు మీద తవ్విన కుంటలు మేకలు పడి చావడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. మీ నివేదికలో కుంటల సంఖ్య రాసే గడి పక్కనే, వాన వెలిసిన 20 రోజులకు ఎన్నింటిలో నీళ్లున్నాయో రాసే గడి ఒకటి మీరే గీసుకోండి. పైవాళ్లు అడగకపోయినా పంపండి. రెండేళ్లకు వాళ్లే అడుగుతారు.

ఒక తప్పు నేను చేశాను, మీరు చేయకూడదని చెబుతున్నాను. వాటర్‌షెడ్ పనుల్లో రైతు వాటా అని ఉంటుంది, పని విలువలో కొంత శాతం వాళ్లు నిధికి కట్టాలి. అది వాళ్ల సొంతం అన్న భావన కోసం పెట్టింది. ఒక ఊళ్లో పనులు చేయించినవాళ్లు ఆ వాటాను కూలీల కూలిలోంచి కోసి కట్టేశారు. పుస్తకాల్లో వాటా నూటికి నూరు శాతం వసూలు. నేను సంతకం పెట్టాను. మూడేళ్ల తర్వాత చెక్‌డ్యాము రెక్క విరిగినప్పుడు బాగుచేయమంటే ఊరివాళ్లు, "అది మీరు కట్టుకున్నదే కదా" అన్నారు. వాళ్ల మాటే నిజం. వాటా కట్టలేనివాళ్లు కట్టలేదని రాయండి. నిజమైన 30 శాతం వసూలు మీద ఊరితో మాట్లాడవచ్చు, అబద్ధపు 100 మీద మాట్లాడలేం.

వానమాపకం చూసే మనిషికి జీతం సంగతి మళ్లీ వస్తున్నాను. పూర్వం చెరువులకు నీరుగంటి ఉండేవాడు, తెలంగాణ వైపు నీరటి అంటారు. తూము ఎత్తేది, దించేది, ఎవరి కయ్యకు ఎంతసేపు పారాలో చూసేది ఆయనే. కోతల్లో కళ్లం దగ్గర ప్రతి రైతూ ఆయనకు ఇన్ని గింజలు కొలిచేవాడు. అంటే నీటిని కొలిచేవాడికి ఊరే జీతమిచ్చేది, పంట బాగుంటే ఎక్కువ వచ్చేది. చెరువు పోయి బోరు వచ్చాక నీరుగంటికి పని పోయింది, నీటికి కాపలా పోయింది. మీ మూడు ఊళ్లలో ఒక్కటైనా బోరుకు ఏడాదికి వంద రూపాయల చొప్పున వేసుకుని ఒక మనిషిని పెట్టుకునేలా చేయగలిగితే, నా 27 ఏళ్లలో నేను చేయలేనిది మీరు చేసినట్టే. 70 బోర్లుంటే ఏడాదికి 7,000. పంచాయతీ ఇంకొంత కలిపితే ఒక అమ్మాయి పొద్దున అరగంట పనికి సరిపోతుంది. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న అమ్మాయిని పెట్టండి. పెళ్లయి వచ్చిన కోడలైతే ఇంకా మంచిది, బెంగళూరు పోదు.

ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుందని అడిగారు. మూడు వానాకాలాలు చూడకుండా ఏమీ చెప్పకండి. మంచి వాన పడిన ఏడు నీటిమట్టం దానంతటదే లేస్తుంది, అది మీ ఘనత కాదు. చూడాల్సింది తక్కువ వాన ఏడు. ఆ వేసవిలో పక్క మండలం బోర్లతో పోలిస్తే మీ మూడు ఊళ్ల మట్టం ఎంత దిగింది, ట్యాంకరు వచ్చిందా లేదా, రిగ్గు బండి ఎన్నిసార్లు వచ్చింది. ఈ మూడూ రాసి పెట్టుకోండి.

మీ మండలంలో భూగర్భ జల శాఖ పిజోమీటరు, అంటే నీటిమట్టం చూడటానికే వేసిన బోరు, ఎక్కడ ఉందో ముందు కనుక్కోండి. చాలాచోట్ల బడి ఆవరణలోనో, మండలాఫీసు వెనకో ఇనుప పెట్టెకు తాళం వేసి ఉంటుంది. దాని గత పదేళ్ల మట్టాలు శాఖ దగ్గర అడిగి తీసుకోండి, ఇస్తారు. దానితోపాటు మీరు ఎంచుకున్న వంక కింద ఎన్ని ఎకరాలు, ఎన్ని బోర్లు, ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల తోటలు ఉన్నాయో రాసి ఇక్కడే పెట్టండి. మొదటి బడ్జెట్ ఇద్దరం కూర్చుని వేద్దాం. అక్టోబరులోగా పంపితే ఈ రబీ సభకే అందుతుంది.